బెజవాడకు నీళ్లు పెరటి వైపు నుంచి వస్తాయి

(అజిత్‌సింగ్‌నగర్‌లో ఒక కాలనీ సంఘం ఏర్పాటు చేసిన సమావేశంలో, రిటైరైన భూగోళశాస్త్రం లెక్చరర్ ఒకరు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఫ్యాన్ల చప్పుడుకి వినపడకపోతే చెయ్యెత్తండి, గట్టిగా చెబుతాను.

ఈ ఊళ్లో వరద అనగానే మనం ఏం చేస్తాం? బ్యారేజీ మీదికి పోతాం. పిల్లల్ని బండి మీద ఎక్కించుకుని పోయి గేట్లు చూపిస్తాం. ఎన్ని లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకి ఎన్ని లక్షల ఘనపుటడుగుల నీళ్లు వస్తున్నాయి, మొదటి హెచ్చరిక ఇచ్చారా, రెండోది ఇచ్చారా అని టీవీలో కింద పరిగెత్తే అక్షరాలు చదువుతాం. తప్పేం లేదు, చూడాల్సిన నదే అది. కానీ నేను ఇవాళ మిమ్మల్ని ఒకటే అడగడానికి వచ్చాను. 2024 సెప్టెంబరు 1, ఆదివారం, మీ ఇళ్లలోకి వచ్చిన నీళ్లు బ్యారేజీ నుంచి వచ్చాయా? ఎవరైనా చెప్పండి. రాలేదు కదా. మీరు ఎటు చూస్తున్నారు, నీళ్లు ఎటు నుంచి వచ్చాయి? వీధి గుమ్మం దగ్గర కాపలా కాస్తుంటే పెరటి తలుపు తోసుకుని వచ్చాయి. ఆ పెరటి తలుపు పేరు బుడమేరు వాగు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ పెరటి తలుపు గురించే, కానీ అక్కడికి పోవాలంటే ముందు వీధి వైపు సంగతి చెప్పాలి.

కృష్ణ సంగతి

కృష్ణ మనల్ని ముంచలేదా అంటే ముంచింది. 1903లో చాలా పెద్ద వరద వచ్చింది. ఇప్పటి బ్యారేజీని 11 లక్షల 90 వేల క్యూసెక్కులు తట్టుకునేలా కట్టారు. అంతకుముందు ఉన్నది పాత ఆనకట్ట, కాటన్ దొర హయాంలో కెప్టెన్ ఓర్ కట్టించింది, 1855కి పూర్తయింది. దాదాపు వంద సంవత్సరాలు నిలబడి 1952లో గండి పడింది. అప్పుడు కట్టిందే మన ప్రకాశం బ్యారేజీ, 1957లో పూర్తయింది, డెబ్బై గేట్లు.

ఇక్కడ ఒక విషయం చాలామందికి తెలియదు. బ్యారేజీ అంటే డ్యామ్ కాదు. దాంట్లో పట్టేది మూడు టీఎంసీల చిల్లర, 3.07 అంటారు; ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. నాగార్జునసాగర్‌లో మూడొందల పైచిలుకు టీఎంసీలు పడతాయి, పులిచింతలలో నలభై అయిదు చిల్లర. మరి మనది? మూడు. 2024లో బ్యారేజీ దగ్గర గరిష్ఠంగా వచ్చిన వరద 11 లక్షల 43 వేల క్యూసెక్కులు. బ్యారేజీని ఖాళీ చేసి పెట్టుకుని, గేట్లన్నీ మూసేసి, ఆ వరదని పట్టి ఆపుదాం అనుకున్నామనుకోండి, ఎంతసేపట్లో నిండుతుంది? లెక్క వేసి చూడండి, ముప్పావు గంట. నలభై అయిదు నిమిషాలు! కాబట్టి బ్యారేజీ వరదని ఆపదు, ఆపలేదు, వచ్చింది వచ్చినట్టు కిందికి పంపిస్తుంది, అంతే. దాని పని కాలువలకు నీళ్లు ఎత్తివ్వడం. "బ్యారేజీ ఉంది కదా సార్, భయమేముంది" అనే మాట ఇకమీదట ఎవరైనా అంటే ఈ ముప్పావు గంట సంగతి చెప్పండి.

అయినా సరే, కృష్ణ వరదలో మనకు ఒక మేలు ఉంది. అది చెప్పి వస్తుంది. 2009 గుర్తుందా? అక్టోబరు మొదట్లో కర్నూలు మునిగిపోయింది, శ్రీశైలానికి ఎన్నడూ లేనంత వరద వచ్చింది, ఆ నీళ్లు సాగర్ దాటి, మన దగ్గరికి వచ్చేసరికి రోజులు పట్టింది. బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది, కృష్ణలంక మునిగింది, కింద ఓలేరు దగ్గర కరకట్ట తెగి రేపల్లె వైపు ఊళ్లలోకి నీళ్లు పోయాయి. నష్టం జరిగింది, కాదనను. కానీ మంచం మీద పడుకున్నవాడి కిందికి చెప్పాపెట్టకుండా నీళ్లు రాలేదు. సామాను సర్దుకునే టైము దొరికింది.

ఆ తర్వాత కృష్ణలంక వైపు రిటైనింగ్ వాల్ కట్టారు. దశలు దశలుగా, ఏళ్లు పట్టింది. ఎవరి హయాంలో ఎంత కట్టారు అనే గొడవ నాకొద్దు, మీరూ పెట్టుకోవద్దు. 2024లో 2009 కంటే ఎక్కువ నీళ్లు వచ్చాయి, గోడ నిలబడింది, రాణిగారితోట, తారకరామానగర్ వాళ్ల ఇళ్లు చాలావరకు మునగకుండా బయటపడ్డాయి. ఇది చాలా పెద్ద సంగతి, దీన్ని మనం సరిగ్గా చెప్పుకోవడం లేదు. సరైన చోట, సరైన ఎత్తులో కట్టిన ఒక గోడ వేల కుటుంబాలను కాపాడింది. అంటే ఏమిటి? ఈ ఊళ్లో వరద అనేది తలరాత కాదు. పని చేస్తే ఆగుతుంది. ఆ గోడ ఉన్న వైపు ఆగింది. లేని వైపు...

సరే. 2024లో కృష్ణలో ఇంకో సంగతి జరిగింది, అది కూడా గమనించండి. ఎప్పుడూ పైనుంచి, శ్రీశైలం, సాగర్ నుంచి వచ్చే వరదే మనం లెక్కలోకి తీసుకుంటాం. ఆ రోజు వాన ఎక్కడ పడింది? మనకు దగ్గర్లో, ఖమ్మం వైపు, నందిగామ, జగ్గయ్యపేట వైపు. మున్నేరు పొంగి ఖమ్మం మునిగింది. ఆ మున్నేరు కృష్ణలో కలిసేది పులిచింతలకు దిగువన. అంటే మధ్యలో ఆపే డ్యామ్ ఏదీ లేదు, తిన్నగా మన బ్యారేజీకే. పైనుంచి సాగర్ నీళ్లు వదులుతున్నారు, పక్కనుంచి మున్నేరు. రెండూ కలిసి వచ్చాయి. పైగా కొట్టుకొచ్చిన పెద్ద పెద్ద బోట్లు గేట్ల దగ్గర గుద్దుకుని కౌంటర్ వెయిట్లు, అంటే గేట్లు ఎత్తడానికి తూకంగా ఉండే దిమ్మెలు, విరిగాయి, ఆ బోట్లు తీయడానికి రోజుల తరబడి తంటాలు పడ్డారు, మీరందరూ టీవీల్లో చూశారు. కాబట్టి కృష్ణ చెప్పి వస్తుందన్న మాట కూడా పూర్తిగా నమ్మకండి. సాగర్ నుంచి వచ్చేది చెప్పి వస్తుంది. మున్నేరు నుంచి వచ్చేది అంత టైము ఇవ్వదు.

బుడమేరు దారి

ఇప్పుడు మన పెరటి వైపుకి వద్దాం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో వెలగలేరు ఎంతమంది చూశారు? చేతులెత్తండి. చూశారా, పట్టుమని పదిమంది కూడా లేరు. బ్యారేజీ అందరికీ తెలుసు, వెలగలేరు ఎవరికీ తెలియదు. కానీ మీ ఇంట్లోకి నీళ్లు వస్తాయా రావా అనేది తేలేది వెలగలేరులో.

బుడమేరు ఎక్కడ పుడుతుంది? మైలవరం వైపు కొండల్లో. రెడ్డిగూడెం, ఎ.కొండూరు, జి.కొండూరు, ఆ ప్రాంతమంతా కురిసిన వాన చిన్నచిన్న వాగులై, పులివాగు, కొండవాగు, భీమవాగు, లోయవాగు, ఇవన్నీ వచ్చి దాంట్లో పడతాయి. ఎండాకాలంలో పోయి చూస్తే ఇదా ఊరుని ముంచేది అనిపిస్తుంది. గొర్రెలు దాటుతుంటాయి. కానీ కొండల వాన ఎలా ఉంటుందంటే, పడినంతసేపు పడి ఒక్కసారిగా దిగుతుంది, నేల పీల్చుకునే టైము ఉండదు.

అలా దిగిన నీళ్లు వెలగలేరు రెగ్యులేటర్ దగ్గరికి, అంటే వాగుకి అడ్డంగా గేట్లు పెట్టిన కట్టడం దగ్గరికి వస్తాయి. అక్కడ రెండు దారులు. పాత దారి ఏమిటంటే, బుడమేరు సహజంగా పారే దారి, మన సింగ్‌నగర్ పక్కనుంచి, ఎనికెపాడు దగ్గర కాలువల కింద అండర్ టన్నెల్ గుండా దూరి, అటు పోయి పోయి కొల్లేరులో కలుస్తుంది. కొత్త దారి మనం తవ్వింది, బుడమేరు డైవర్షన్ ఛానల్. వరద నీటిని ఊళ్లోకి రాకుండా అక్కడే మళ్లించి, పోలవరం కుడి కాలువతో కలిపి, ఇబ్రహీంపట్నం దగ్గర పవిత్ర సంగమం ఉంది చూడండి, అక్కడ కృష్ణలోకి వదులుతారు. ఆలోచన మంచిదే. మామూలు వానలకు అది బాగానే పనిచేస్తుంది, చాలా ఏళ్లు మనల్ని కాపాడింది కూడా.

మరి ఎక్కడ తిరకాసు? జాగ్రత్తగా వినండి, ఇవాళ నేను చెప్పే మాటల్లో ముఖ్యమైనది ఇదే. ఆ డైవర్షన్ ఛానల్ నీళ్లు కృష్ణలో ఎక్కడ పడుతున్నాయి? బ్యారేజీకి ఎగువన. కృష్ణ నిండుగా, పదకొండు లక్షల క్యూసెక్కులతో పారుతుంటే బుడమేరు నీళ్లు దాంట్లోకి ఎలా దిగుతాయి? దిగవు. అక్కడే నిలిచిపోతాయి, వెనక్కి తంతాయి. అంటే కృష్ణకి వరద లేనప్పుడు బుడమేరుకి దారి ఉంది, రెండింటికీ ఒకేసారి వరద వస్తే బుడమేరుకి దారి లేదు. 2024లో రెండూ ఒకేసారి వచ్చాయి. కాలువ మోయగలిగినదానికి రెట్లకు రెట్లు నీళ్లు వచ్చిపడ్డాయి. ఎడమ గట్టుకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి, కవులూరు, శాంతినగర్ ప్రాంతంలో. ఇటు పాత దారిలోనూ నీళ్లు. ఆ గండ్లు పూడ్చడానికి ఆర్మీ కూడా వచ్చింది, వారం పట్టింది.

వెలగలేరు గేట్లు ఎత్తడం మీద చాలా వాదనలు నడిచాయి, తెలుసు. ఎత్తితే ఊళ్లోకి నీళ్లు, ఎత్తకపోతే కాలువ గట్టు మీదికి నీళ్లు. ఆ రాత్రి అక్కడ నిలబడ్డ లస్కర్, గేట్లు తిప్పే మనిషి, అతని చేతిలో ఏముంది చెప్పండి? నా బాధ గేటు గురించి కాదు. గేటు ఎత్తబోయే ముందు కింద ఉన్న రెండు మూడు లక్షల మందికి ఆ మాట చేరలేదు, అదీ నా బాధ. కృష్ణకి మొదటి హెచ్చరిక 3 లక్షల 97 వేల దగ్గర, రెండోది 5 లక్షల 69 వేల దగ్గర అని నోటికి చెప్పే పిల్లలున్నారు ఈ ఊళ్లో. బుడమేరుకి మొదటి హెచ్చరిక ఎంత దగ్గర? చెప్పండి. ఎవరికైనా తెలుసా?

ఇంకో మాట. చాలామంది అడుగుతారు, సార్, కృష్ణ పక్కనే ఉంది కదా, మా కాలనీ నీళ్లు తవ్వి అటు పంపేయొచ్చు కదా అని. పంపలేరమ్మా. డెల్టా నేల వాలు ఎటుంటుందో చూడాలి. వేల ఏళ్లుగా వరద వచ్చినప్పుడల్లా నది తన ఒడ్డునే ఒండ్రు పోసుకుంటూ వస్తుంది, అందుకని ఒడ్డు ఎత్తు, ఒడ్డు నుంచి దూరం పోయేకొద్దీ పల్లం. మన సింగ్‌నగర్, పాయకాపురం, కండ్రిక, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, ఇదంతా పల్లం వైపు. ఇక్కడి నీళ్లు కొల్లేరు వైపు దిగాల్సిందే. కొల్లేరు అంటే ఏమిటి, ఇటు కృష్ణా డెల్టా, అటు గోదావరి డెల్టా, మధ్యలో మిగిలిపోయిన పల్లం. అక్కడినుంచి సముద్రానికి పోవాలంటే ఉప్పుటేరు ఒక్కటే దారి. కొల్లేరులో చేపల చెరువుల గట్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు, 2006లో ఆపరేషన్ కొల్లేరు అని కొన్ని కొట్టేశారు, తర్వాత మళ్లీ ఎన్ని లేచాయో కూడా మీకు తెలుసు. అక్కడ నీళ్లు కదలకపోతే ఇక్కడ మన వీధిలో నీళ్లు కదలవు. కైకలూరు దగ్గర చెరువు గట్టుకీ, మీ ఇంటి గడపకీ సంబంధం ఉందంటే ఎవరూ నమ్మరు. కానీ ఉంది. 2024లో కొన్ని వీధుల్లో వారం పైన నీళ్లు నిలబడటానికి అదీ ఒక కారణం. ఎనికెపాడు టన్నెల్ దగ్గర ఇరుకు ఒకటి, ఊళ్లో బుడమేరు పొడుగునా గుర్రపుడెక్క, పూడిక, ఆక్రమణలు ఒకటి, కింద కొల్లేరు ఒకటి.

ఆక్రమణలు అన్నాను కాబట్టి ఈ మాట చెప్పకుండా ముందుకి పోలేను. వరద తర్వాత టీవీల్లో, ఫోన్లలో ఎంతమంది అన్నారు, వాగులో ఇళ్లు కట్టుకుంటే మునగరా అని. నాకు చాలా బాధేసింది. వాంబే కాలనీ ఎవరు కట్టించారు? ప్రభుత్వం. జక్కంపూడి కాలనీ? ప్రభుత్వం. ఆ స్థలం ఎంచుకున్నది, ప్లాను గీసింది, తాళాలు చేతికి ఇచ్చి ఫొటో దిగింది ఎవరు? ఊళ్లో పని చేసుకుని బతికే జనానికి, ఆటో తోలేవాళ్లకి, ఇళ్లలో పని చేసేవాళ్లకి, షాపుల్లో చేసే కుర్రాళ్లకి ఊళ్లో మిగిలిన చవక జాగా ఇదే. వాగు దారిలో నిజంగా అడ్డం కట్టిన కట్టడాలు ఉన్నాయి, అవి తీయాలి, పెద్దవాళ్లవైనా తీయాలి. కానీ పట్టా ఇచ్చి, కరెంటు మీటరు ఇచ్చి, పన్ను కట్టించుకుని, నీళ్లు వచ్చాక నువ్వెందుకు ఇక్కడున్నావ్ అని అడిగితే ఎలా?

బుడమేరు ఇలా రావడం 2024లో మొదటిసారి కూడా కాదు. 2005 సెప్టెంబరులో వచ్చింది, పెద్దవాళ్లకి గుర్తుంటుంది. అంతకుముందు, అరవైల్లోనూ వచ్చింది. బెజవాడ దుఃఖదాయిని అని దానికి పేరే పెట్టారు. పేరు పెట్టాం, మర్చిపోయాం. పందొమ్మిదేళ్లు పెద్ద వరద రాకపోతే పుట్టిన పిల్లలు డిగ్రీకొచ్చేస్తారు, కొత్తగా వచ్చినవాళ్లు ఇళ్లు కొనుక్కుంటారు, వాళ్లకి ఎవరూ చెప్పరు. ఇల్లు అమ్మేవాడు ఎందుకు చెబుతాడు?

2024 వానకు కారణమైన వాయుగుండం తీరం దాటింది ఎక్కడో తెలుసా? కళింగపట్నం దగ్గర, శ్రీకాకుళం జిల్లా. మ్యాపులో బాణం గుర్తు అటు చూపిస్తుంటే మనం ఏమనుకుంటాం, మనకేం కాదులే అనుకుంటాం. వాన మాత్రం ఇక్కడ పడింది. అందుకే చెబుతున్నాను, తుపాను ఎక్కడ తీరం దాటుతుందని కాదు, వాన ఎక్కడ పడుతుందని చూడండి.

సముద్రం మనకు దూరమే, నిజమే. కానీ ఈ జిల్లా మనిషికి సముద్రం గురించి ఒకటి తెలిసుండాలి. 1864 నవంబరు 1న బందరు మీదికి ఉప్పెన వచ్చింది, ముప్పై వేల మంది దాకా పోయారని లెక్క. 1977 నవంబరు 19, దివిసీమ. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ. అధికారిక లెక్కే పది వేల పైన, ఊళ్లవాళ్ల లెక్క అంతకంటే చాలా ఎక్కువ. ఇక్కడ కూర్చున్నవాళ్లలో అటువైపు చుట్టాలున్నవాళ్లు ఉంటారు, మీకు నేను చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఇది చూడండి. 1990 మే నెలలో అదే ప్రాంతం మీదికి మళ్లీ చాలా పెద్ద తుపాను వచ్చింది, గాలి బలంలో 1977కి ఏమాత్రం తీసిపోనిది. చనిపోయినవాళ్లు వెయ్యి లోపు. అది కూడా చిన్న సంఖ్య కాదు, ఒక్కొక్కటీ ఒక ప్రాణం. కానీ పది వేలు ఎక్కడ, వెయ్యి ఎక్కడ? సముద్రం మారిందా? గాలి మారిందా? ముందే చెప్పారు, లక్షన్నర మందిని కదిలించారు, అంతే. ఆ తర్వాత 2010లో లైలా బాపట్ల దగ్గర తీరం దాటింది, 2023 డిసెంబరులో మిచౌంగ్ కూడా అక్కడే దాటింది, పంటలు పోయాయి, రైతులు దెబ్బతిన్నారు, కానీ జనం నష్టం ఒకప్పటిలా లేదు.

తుపానుకి మనం ఇంత నేర్చుకున్నాం. ముందే పేరు పెడతాం, బాణం గీస్తాం, బడులు మూసేస్తాం, బస్సులు పంపిస్తాం. మరి మైలవరం కొండల్లో రాత్రి పడ్డ వానకి? తెల్లారేసరికి నీళ్లు మన వీధిలో ఉంటాయి. ఆ కొన్ని గంటలను వాడుకునే ఏర్పాటు మనకు ఉందా? ఆపరేషన్ బుడమేరు అన్నారు, ఆక్రమణల సర్వే, కాలువ వెడల్పు, అన్నీ కావాలి, జరగాలి, అడుగుతూనే ఉండాలి. కానీ అవన్నీ పూర్తయ్యేదాకా ప్రతి వానాకాలం మనం ఇక్కడే ఉంటాం కదా.

కొండ వైపు

కొండవాలు ఇళ్లవాళ్లు ఎవరైనా వచ్చారా? అటు మూల... సరే. అదే 2024 ఆగస్టు 31న, ఇక్కడ నీళ్లు రాకముందే, మొగల్రాజపురం సున్నపు బట్టీల దగ్గర కొండరాళ్లు ఇళ్ల మీద పడి మనుషులు చనిపోయారు. 2020 అక్టోబరులో ఇంద్రకీలాద్రి మీద కొండచరియలు విరిగిపడ్డాయి. మన కొండలు చూడటానికి గట్టివే, కానీ ఎండకి ఎండి, వానకి తడిసి, లక్షల ఏళ్లుగా పగుళ్లిచ్చిన రాయి అది. పగులులోకి నీళ్లు దిగుతాయి, మధ్యలో మట్టి జారుతుంది, పైన బండ కదులుతుంది. దానికితోడు కింద ఇంటి కోసం కొండను నిలువునా చెక్కుతాం, మెట్ల పక్కన మురుగునీళ్లు కొండలోకే వదులుతాం. గుణదల, చిట్టినగర్, విద్యాధరపురం, ఎక్కడైనా ఇదే కథ. ఇంటి వెనక గోడకి కొత్త బీట వచ్చిందా, గోడ ఉబ్బిందా, రాళ్ల సందుల్లోంచి ఎప్పుడూ లేనిది బురదనీళ్లు వస్తున్నాయా, చిన్న చిన్న రాళ్లు రాలుతున్నాయా, ఆ రాత్రి ఆ ఇంట్లో పడుకోవద్దు. వెనక గదిలో అసలు పడుకోవద్దు. చుట్టాలింటికి పొండి, తెల్లారి వచ్చి చూసుకుందురుగాని.

భూకంపం గురించి కూడా అడుగుతారు. మనం మూడో జోన్‌లో, అంటే ఓ మోస్తరు ప్రమాదం ఉన్న చోట ఉన్నాం. 1967లో ఒంగోలు దగ్గర వచ్చింది, 2020 జనవరిలో పులిచింతల ప్రాంతంలో వచ్చింది, 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర వచ్చినప్పుడు ఇక్కడ చాలామంది ఇళ్లలోంచి బయటికి పరిగెత్తారు. అపార్ట్‌మెంట్ కొనేటప్పుడు కింద పార్కింగ్ స్తంభాలు ఎలా ఉన్నాయో ఇంజనీరుకి చూపించుకోండి, అంతకు మించి ఇవాళ చెప్పను. ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు, కానీ మర్చిపోకండి, 2015 మేలో ఒక్క వడగాడ్పులకే మన రాష్ట్రంలో 1300 మందికి పైగా చనిపోయారు. చప్పుడు లేకుండా పోయారు. మధ్యాహ్నం పూట తాపీ పని, సెంట్రింగ్ పని చేసేవాళ్లు, రేకుల ఇళ్లలో ఉండే ముసలివాళ్లు. ఏ వాగూ అంతమందిని ఆ మధ్య తీసుకుపోలేదు.

మన పని

సరే, ఇప్పుడు చేయాల్సింది. పెద్ద పెద్ద మాటలు చెప్పను.

ఒకటి, మైలవరం. ఆ వైపు చుట్టాలు, స్నేహితులు ఉన్నవాళ్లు ఎంతమంది? చాలామందే ఉన్నారు. మైలవరం, జి.కొండూరు, వెలగలేరు. వానాకాలంలో ఎడతెరిపి లేకుండా పడుతున్న రాత్రి వాళ్లకి ఒక ఫోన్ చేయండి. అక్కడ కుండపోతగా ఉంటే, వాగులు రోడ్డెక్కాయంటే, అదే సమయంలో టీవీలో కృష్ణకి రెండో హెచ్చరిక అంటున్నారంటే, ఈ రెండూ కలిశాయంటే ఇంకెవరి మైకు కోసమూ ఆగొద్దు. సామాను పైకి ఎత్తండి. ప్రతి వీధికి ఇద్దరు ఈ బాధ్యత తీసుకోవాలి, ఒకరు నిద్రపోతే ఇంకొకరు. రాష్ట్ర విపత్తుల కంట్రోల్ రూమ్ నంబరు 1070, అత్యవసరానికి 112, గోడ మీద రాసి పెట్టుకోండి. ఫోన్‌లో కాదు, గోడ మీద. ఫోన్ తడిసిపోతుంది, చార్జింగ్ ఉండదు.

రెండు, బీరువా కింది అర. మొన్న వరద తర్వాత ఈ వీధుల్లో తిరుగుతుంటే ప్రతి డాబా మీద ఒకటే దృశ్యం, పిట్టగోడ మీద రాళ్లు పెట్టి ఆరబెట్టిన కాగితాలు. ఇంటి పట్టాలు, టెన్త్ సర్టిఫికెట్లు, ఆధార్ జిరాక్సులు, పెళ్లి ఫొటోలు. ముట్టుకుంటే ఊడొచ్చేస్తున్నాయి. అందరూ విలువైనవి ఎక్కడ దాస్తారు? బీరువాలో, కింద, లాకరు ఉన్న చోట. నీళ్లు మొదట చేరేది అక్కడికే. ఒక ప్లాస్టిక్ జిప్ కవరు పది రూపాయలు. కాగితాలన్నీ దాంట్లో పెట్టి అటక మీద పెట్టండి, ఇవాళే. ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకి ఇరవై అయిదు వేలు, పైఅంతస్తు వాళ్లకి పదివేలు ఇచ్చింది, మంచిదే, కానీ ఫ్రిజ్, మోటరు, బండి, పరుపులు అన్నీ పోయినవాళ్లకి అది ఏ మూలకి? సర్టిఫికెట్ పోయిన పిల్ల ఆఫీసుల చుట్టూ తిరిగిన తిరుగుడుకి లెక్క ఎవరు కడతారు?

మూడు, పైఅంతస్తు మాట. కింద వాటాలో ఉండేవాళ్లు, పైన ఉండేవాళ్లు ఎండ కాస్తున్నప్పుడే మాట్లాడుకోండి. వరద వస్తే మా వాళ్లంతా మీ ఇంటికి వస్తాం, మా ముసలావిడ మంచం ఇక్కడ వేస్తాం అని. అప్పుడు తలుపు కొడితే మొహమాటం, ఇప్పుడైతే మాట. నడవలేని పెద్దవాళ్లు, గర్భిణులు, డయాలసిస్ వాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో వీధి మొత్తానికి తెలియాలి. 2024లో పడవలు ఫ్లైఓవర్ దగ్గర ఉన్నాయి, లోపలి వీధుల్లో ఎవరు ఎక్కడ ఉన్నారో పడవ వాడికి చెప్పేవాళ్లు లేరు. డ్రోన్లతో అన్నం పొట్లాలు వేశారు, అవి ఏ డాబా మీద పడ్డాయో అక్కడికే అందాయి. మెయిన్ రోడ్డు పక్కవాళ్లకి రెండుసార్లు అందితే లోపలి వాళ్లకి ఒక్కసారీ అందలేదు, ఇక్కడ కూర్చున్నవాళ్లే నాకు చెప్పారు.

ఆఖరిది, మీ ఇంటి గోడ మీద గీత. సెప్టెంబరు నీళ్లు నిలబడ్డ మట్టం గోధుమరంగు గీతలాగా ఉంది కదా, చాలామంది సున్నం వేసేశారు, పండగకి రంగులు వేసేశారు, వేసుకోవాల్సిందే, ఎన్నాళ్లని చూస్తాం దాన్ని. కానీ కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది, మెట్ల కింద, గేటు స్తంభానికి, బాత్రూం వెనక గోడకి. రంగు వేసేముందు టేపు పెట్టి కొలవండి. రోడ్డు మట్టం నుంచి గీత దాకా ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాలు. ఎందుకంటారా? ఏ వీధిలో ఎంత లోతు వచ్చిందో చెప్పే మ్యాపు మన చేతిలో ఉండాలి. అది ఉంటే కార్పొరేషన్ వాళ్లు డ్రైను డిజైన్ తెచ్చినప్పుడు చూపించి అడగొచ్చు, కొత్తగా ఇల్లు కట్టేవాడికి పునాది ఎంత ఎత్తు లేపాలో చెప్పొచ్చు, మీటరు బోర్డు ఎంత ఎత్తున బిగించాలో చెప్పొచ్చు, అద్దెకి వచ్చేవాడికీ తెలుస్తుంది. 2005 గీతలు ఎవరూ కొలిచి పెట్టలేదు. పెట్టి ఉంటే 2024లో ఏ వీధి ముందు ఖాళీ చేయాలో తెలిసేది.

బయట టేబుల్ మీద రూళ్ల పుస్తకం పెట్టారు. పోయేటప్పుడు దాంట్లో రాయండి. డోర్ నంబరు, వీధి, గీత ఎత్తు, నీళ్లు గడప ఎక్కిన టైము గుర్తుంటే ఆ టైము, పూర్తిగా దిగిపోయిన తేదీ. రాయడం రానివాళ్లకి అక్కడ కాలేజీ పిల్లలు కూర్చున్నారు, చెబితే వాళ్లు రాస్తారు. కొలత ఇంకా తీయనివాళ్లు తీసుకుని వచ్చే ఆదివారం లోపు ఇవ్వండి. వాంబే కాలనీ బ్లాకుల వాళ్లు బ్లాకు నంబరు కూడా రాయండి, లేకపోతే ఏ మెట్ల దగ్గరో తెలియదు.